తాత తాదు, తాత

స్వర్ణ నోట్లో ‘క’ లేదు. ‘గ’ కూడా లేదు. మూడేళ్లు దాటిన ఆ పిల్ల నాలుక వెనక్కి పోవడానికి ససేమిరా ఒప్పుకోదు, పనులన్నీ ముందుపళ్ల దగ్గరే ముగించుకుంటుంది. అందుకని కుక్క తుత్త అయింది. కోడి తోది అయింది. గొర్రె దొల్లె అయింది. కిటికీ అయితే పూర్తిగా తితితీ.

వాళ్లమ్మ మల్లిక దేవరకొండలో డిగ్రీ చదివింది. ఆ చదివిన బాటనీ ఇన్నేళ్లలో ఆకుకూర ఏరడానికి తప్ప దేనికీ పనికిరాలేదు గానీ, కూతురి భాషకు మాత్రం మనసులోనే ఒక వ్యాకరణం కట్టుకుంది. క ఉన్నచోట త. గ ఉన్నచోట ద. ట వచ్చినా త. డ వచ్చినా ద. ర వస్తే ల. స వచ్చినా మళ్లీ త. ఆ నోట్లో ‘త’ మీద పడ్డంత చాకిరీ ఆ ఇంట్లో మల్లిక మీద ఒక్కదాని మీదే పడింది.

ఊళ్లో వాళ్లకు ఈ వ్యాకరణం తెలియదు. వాళ్లకు అదొక వినోదం.

“నీ పేరేంది బిడ్డా?”

“తన్న.”

“తన్నవా? మంచిగైంది. ఎవర్ని తన్నకు మరి.”

ఈ హాస్యం తాత మారయ్యది. రోజూ గొర్లను దొడ్డికి తోలి, కాళ్లు కడుక్కొని, మంచం మీద కూర్చోగానే మనుమరాల్ని పేరడుగుతాడు. రోజూ అదే జవాబు, రోజూ అదే నవ్వు. మారయ్య భార్య సుక్కమ్మకు మాత్రం నవ్వు రాదు.

“నవ్వుండ్రి నవ్వుండ్రి. దీని ఈడు పిల్లలు గడగడ మాట్లాడుతున్నరు. డిగ్రీ చదివినామె కడుపున బుట్టి గిదేం మాట?”

“మీ పెద్దకొడుకు ఎన్నేండ్లకు మాట్లాడిండత్తమ్మా?” అని మల్లిక మెల్లగా అడిగింది ఒకసారి.

“వాడు ఇప్పటికైనా మాట్లాడుతున్నడా?” అంది సుక్కమ్మ.

అది నిజమే. మల్లిక మొగుడు నరేశ్ మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వారానికోసారి వచ్చి, తిని, పిల్లల్ని ఎత్తుకొని, నవ్వి, పోతాడు. మాటలన్నీ నరేశ్ తమ్ముడు దామోదర్ వాటాకే వచ్చాయి. దామోదర్‌కు దేవరకొండ బస్టాండు దగ్గర చిన్న డబ్బా దుకాణం ఉంది. గడియారాలు, రిమోట్లు, చెవిలో పెట్టుకునే మిషన్లు, ఏది మూగబోయినా బాగు చేస్తాడు. ఇంట్లో అందరూ ‘దామూ’ అంటారు కాబట్టి స్వర్ణ కూడా దామూ అనే పిలిచేది. ఇప్పుడు పెళ్లి సంబంధాలు వస్తున్నాయి కదా, మర్యాద కావాలనిపించింది దామోదర్‌కు. చాక్లెట్టు చేతిలో పెట్టి చిన్నాన్నను పిలిచినట్టు ‘కాక’ అనమని నేర్పాడు. నాలుగు రోజుల కింద వంటింటి గుమ్మంలోకొచ్చి మొత్తుకున్నాడు.

“వదినే, నీ బిడ్డ నన్ను తాతను జేసింది! పిల్ల దొరకకముందే మనుమరాలు దొరికిందే నాకు!”

పెనం మీద జొన్నరొట్టె మాడుతోంది. మల్లిక నవ్వి ఊరుకుంది. ఆ మాటను వినడమైతే విన్నది గానీ ఎక్కడా దాచిపెట్టుకోలేదు.

శనివారం పొద్దున దామోదర్ సామాన్లు తేవడానికి పట్నం బస్సెక్కాడు. సుక్కమ్మ పత్తిచేనుకు పోయింది. మారయ్య దొడ్లో ఈనిన గొర్రెను చూసుకుంటున్నాడు. మల్లిక వాకిట్లో గిన్నెలు తోముతోంది. ఏడాది దాటిన చిన్నోడు నర్సింహ ఇప్పుడిప్పుడే గోడ పట్టుకొని నడుస్తున్నాడు. అక్కతో పాటు లోపల ఆడుకుంటున్నాడు.

లోపల్నుంచి ఒక చప్పుడొచ్చింది. దగ్గు కాదు, ఏడుపు కాదు. రెండింటి నడుమ గొంతులో ఇరుక్కున్న చప్పుడు.

మల్లిక మసిచేతులతోనే ఉరికింది. కిటికీ కింద, మారయ్య మంచం పక్కన చిన్నోడు కూలబడి ఉన్నాడు. కళ్లలో నీళ్లు. నోటి నిండా చొంగ, గడ్డం మీదుగా అంగీ మీదికి కారుతోంది. నోట్లో వేలు పెట్టి చూసింది. ఏమీ లేదు. వాడు కక్కుతున్నట్టు చేశాడు గానీ చొంగ తప్ప ఏమీ రాలేదు.

“ఏమైందే స్వర్ణా?”

“తమ్ముదు దోలి మిందిందు.”

గోలి మింగిండు. మల్లిక లోపలి వ్యాకరణం ఆగకుండా పని చేసింది. ఇక్కడ ఆడుకునేదీ గోలే, దవాఖానలో ఇచ్చేదీ గోలే.

“ఏ గోలి? ఎక్కడిదే?”

“తితితీల,” అంది స్వర్ణ కిటికీ వైపు చెయ్యి చూపించి. “తాత దోలి.”

మల్లిక మంచం వైపు చూసింది. బొంత మీద జర్దా డబ్బీ మూత తీసి ఉంది. పక్కన తెల్లటి గోలీలు రెండు మూడు దొర్లి ఉన్నాయి.

మారయ్యకు షుగరు. గొర్ల ఉన్ని కత్తిరించీ కత్తిరించీ వేళ్లు మొద్దుబారాయి, గోలీ అట్టల వెండికాగితం చింపడం చేతకాదు. పూటపూటకూ కోడల్ని అడగడం నామోషీ. అందుకని తెచ్చిన రోజునే అన్నింటినీ పంటితో చీల్చి, ఖాళీ అయిన జర్దా డబ్బీలో పోసి దిండు కింద పెట్టుకుంటాడు. ‘పిల్లలకు అందనియ్యకుండ్రి, చిన్న పిల్లలకు ఒక్కటి పడ్డా చాలు’ అని మందుల షాపాయన చెప్పిన మాట మల్లిక చెవిలో ఇప్పుడు మోగింది.

“మామా!”

ఆ కేకకు మారయ్య చేతిలో గడ్డి కూడా విడవకుండా వచ్చాడు. మంచం చూశాడు. మనుమణ్ని చూశాడు.

“డబ్బీ మూత పెట్టలేదా మామా?”

“పెట్టిన గదా…” అన్నాడు. తర్వాత గొంతు తగ్గింది. “పెట్టిన్నో, లేదో.”

“ఎన్నుండె అండ్ల?”

“ఎవడు లెక్కబెట్టిండు బిడ్డా.”

స్వర్ణ తల్లి చీర కుచ్చెళ్లు పట్టుకొని గుంజింది. “తాత తాదు!”

“ఊకోవే!”

“తాత తాదూ! తాత!”

తాత కాదంటుంది, తాతంటుంది. దాన్ని విడమర్చే తీరిక మల్లికకు లేదు. తాతను తిడతారేమోనని వెనకేసుకొస్తోందనుకుంది. చిన్నోణ్ని భుజాన వేసుకొని రోడ్డు మీదికి ఉరికింది.

బుచ్చయ్య ఆటో ఇంకా ఊరు దాటలేదు. కబురు ఎవరు మోశారో గానీ పత్తిచేను నుంచి సుక్కమ్మ కూడా పరిగెత్తుకొచ్చి, కదులుతున్న ఆటోలోకి ఎక్కింది. ఎక్కుతూనే మొదలుపెట్టింది.

“నీ కండ్లు మండ! గుడ్డి ముసలోడా! నోట్లె ఏసుకునే గోలి నోట్లె ఏసుకోరాదా? పిల్లగాని పానం మీదికి తెస్తివి గదరా!”

మారయ్య డబ్బీని రెండు చేతుల మధ్య నొక్కి పట్టుకున్నాడు, ఇప్పుడు మూత పెట్టి. ఆయన ఒళ్లో స్వర్ణ కూర్చుంది. దూరంగా దేవరకొండ ఖిల్లా గుట్ట కనిపిస్తోంది గానీ ఎంతసేపటికీ దగ్గరికి రావడం లేదు.

“చక్కెర నీళ్లు తాపు,” అంది సుక్కమ్మ. బుచ్చయ్య దారిలో హోటలు దగ్గర ఆపి తెచ్చిచ్చిన సీసాతో మల్లిక తాపబోయింది. చిన్నోడు తల తిప్పేశాడు. బలవంతంగా పోస్తే పోసినవి పోసినట్టే పెదాల పక్కనుంచి కారిపోయాయి. షుగరు తగ్గితే పిల్లలు నిద్రలోకి జారుతారని మల్లిక ఎక్కడో చదివింది. వాడి కళ్లు మూతపడితే చాలు, చెంప మీద తట్టింది. వాడు మేలుకునే ఉన్నాడు. మేలుకొని, మెడ ముందుకు చాచి, చొంగ కారుస్తున్నాడు.

పిల్లల డాక్టర్ సుహాసిని మనిషి కంగారుపడే రకం కాదు. సంగతి వింటూనే వేలి మీద చుక్క రక్తం తీసి మిషన్లో పెట్టింది.

“షుగరు ఇప్పటికైతే బాగుంది. కానీ ఈ గోలి పని నిదానంగా మొదలైతది. ఇంటికి పంపను. సెలైన్ పెట్టి చూస్కుంట కూర్చోవాలె. ఎన్ని మింగిండు?”

మారయ్య డబ్బీ చాపాడు, సాక్ష్యం ఇస్తున్నట్టు.

డాక్టరు వంగి స్వర్ణను అడిగింది. “నువ్వు చూసినవా పాపా? ఎన్ని మింగిండు తమ్ముడు?”

“ఒతతి.”

“ఒకటంట మేడం,” అని మల్లిక తర్జుమా చేసింది.

“ఎవరి గోలి?”

“తాత దోలి,” అని, మారయ్య చేతిలో డబ్బీ వైపు చూసి స్వర్ణ మొహం ఎర్రగా చేసుకుంది. “తాత తాదు! తాత!”

డాక్టరు నవ్వింది. “తాత మీద ప్రేమ ఎక్కువున్నట్టుంది.”

రెండోసారి రక్తం తీశారు. షుగరు బాగుంది. మూడోసారీ బాగుంది. సుక్కమ్మ దేవుళ్లకు దండం పెట్టి, ఆ చేతులతోనే మళ్లీ మొగుడి వైపు తిరిగింది. మారయ్య లేచి బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి తటతట చప్పుడైతే మల్లిక కిటికీలోంచి చూసింది. ఆయన డబ్బీ తెరిచి, గోలీలన్నీ మురిక్కాలవలో వంపుతున్నాడు. అడుగున అంటుకున్నవి పోవడానికి డబ్బీని మెట్టుకేసి కొడుతున్నాడు.

“షుగరు బాగుంది,” అంది డాక్టరు, ఈసారి తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. “మరి ఈ చొంగ ఎందుకు? పాలు ఎందుకు పట్టడు?” టార్చి వేసి గొంతు చూసింది. “గోలి గొంతుల అంటుకుంటే ఈపాటికి కరగాలె.”

చదువుకున్న మనిషి నోట ‘ఎందుకు’ అనే మాట వినడం అంత భయమని మల్లికకు ఇంతకుముందు తెలియదు. చిన్నోడు తల్లి భుజం మీద గడ్డం ఆనించి, మింగబోయి, మింగలేక, సన్నగా మూలిగాడు. ఏదో తప్పిపోతోంది. ఏదో అందరి కళ్ల ముందే ఉంది.

గోడకు అక్షరాల పటం ఉంది. ఏం తోచక స్వర్ణ దాని ముందు నిలబడి ఒక్కో బొమ్మ మీదా వేలు పెడుతోంది. ఎవరూ అడగకపోయినా పేర్లు అప్పజెప్పుతోంది.

“తాతి.”

“ఆఁ, కాకి,” అంది మల్లిక అలవాటుగా, కొడుకు వీపు నిమురుతూ.

అని ఆగిపోయింది.

కాకి తాతి. కాకి తాతి అయితే, కాక?

మాడుతున్న రొట్టె వాసనతో సహా ఆ పొద్దు మొత్తం తిరిగొచ్చింది. వదినే, నీ బిడ్డ నన్ను తాతను జేసింది.

దోలి అన్నప్పుడు గోలి అని తెలుసుకుంది. తితితీ అంటే కిటికీ అని తెలుసుకుంది. వంకరగా వచ్చిన ప్రతి మాటనూ తిప్పి సరిచేసుకుంది. ఒక్క మాట సరిగ్గా వచ్చినట్టు వినబడింది, దాన్ని మాత్రం ఉన్నదున్నట్టు నమ్మేసింది. తాత కాదు, తాత అని పిల్ల పొద్దున్నుంచీ మొత్తుకుంటూనే ఉంది. దాని చెవిలో ఆ రెండూ వేరువేరు మాటలు. నోట్లోనే ఒకటి.

మల్లిక కొడుకును ఎత్తుకునే కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పిల్లకు జవాబు తాను అందించకూడదు. అందిస్తే అన్నింటికీ ఊఁ అంటుంది.

“స్వర్ణా. తమ్ముడు అవ్వ గోలి మింగిండా?”

“తాదు.”

“తాత గోలి మింగిండా?”

“తాదూ!” ఎన్నిసార్లు చెప్పాలన్నట్టు కాలు నేలకేసి కొట్టింది.

“మరి… కాక గోలి మింగిండా?”

పిల్ల మొహం విప్పారింది. ఇన్నాళ్లకు తెలుగు అర్థమయ్యే మనిషి ఒకరు దొరికినట్టు తల్లి వైపు చూసింది.

“ఆఁ! తాత దోలి!”

మల్లిక ఫోను తీసింది. దామోదర్ ఫోను మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. ఈసారి బస్సు హోరులోంచి గొంతు వచ్చింది.

“ఆ వదినే, ఇబ్రహీంపట్నం దాటిన…”

“దామూ, కిటికీల ఏమన్న పెట్టినవా నువ్వు?”

“కిటికీలనా? ఏం పెట్టలే. ఆఁ, రాత్రి స్వర్ణ పాటల బొమ్మ ఫోను పాడుతలేదంటే సెల్లు మార్చిన. పాతవి గాడ్నే పెట్టినట్టున్న. గడియారాలల్ల ఏసే బటన్ సెల్లులు, గోలీలంత ఉంటయి గదా, స్వర్ణ గూడ గవి గోలీలేనా అనె. ఎందుకు వదినే?”

మల్లిక ఫోను పెట్టేసి డాక్టరు వైపు తిరిగింది. డాక్టరు అప్పటికే ఆమె మొహం చూసి లేచి నిలబడింది.

“బటన్ సెల్లంట మేడం.”

డాక్టర్ సుహాసిని మొదటిసారి కంగారుపడింది. కంగారుపడ్డ మనిషి అరుస్తుందనుకుంటాం. ఆమె గొంతు ఇంకా తగ్గింది. “ఎక్స్‌రే. ఇప్పుడే. ఎదురుంగనే ఉంది, నడువుండ్రి, నేనూ వస్త.”

నల్లటి ఫిల్ము మీద, మెడ కింద, తెల్లటి గుండ్రం కనిపించింది.

“రూపాయి బిళ్ల లెక్కనే ఉంది గదమ్మా,” అంది సుక్కమ్మ ఆశగా.

“రూపాయైతే ఒకటే గీత ఉంటది. దీనికి లోపల ఇంకో గీత ఉంది, చూడుండ్రి. సెల్లే ఇది.”

“పాతదే మేడం, అండ్ల పవర్ లేదంట,” అంది మల్లిక. ఆ మాట అంటున్నప్పుడే తనకు నమ్మకం లేదు.

“బొమ్మను పాడించే పవర్ లేదు. పిల్లగాని గొంతు కాల్చే పవర్ ఉంటది. అది తీసే మిషన్ నా దగ్గర లేదు, పట్నం పోవాలె. పెద్ద దవాఖానకు నేను ఫోన్ చేస్త, అంబులెన్సు తెప్పిస్త. జర ఎవరన్న తేనె తెస్తరా? ఏడాది దాటిండు గనుక ఇయ్యచ్చు. దాంతోని నయం కాదు గానీ కాలుడు తగ్గుతది. మింగనీకి వస్తేనే పట్టాలె, బలవంతం చెయ్యొద్దు.”

మెట్ల మీంచి లేచొచ్చి ఎక్స్‌రే గుమ్మం దగ్గర నిలబడ్డ మారయ్య ఎప్పుడు కదిలాడో ఎవరూ చూడలేదు. సరిగ్గా కళ్లు ఆనని మనిషి, అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటాడు. లారీవాడు బ్రేకు కొట్టి తిట్టిన తిట్టు లోపలిదాకా వినబడింది. తేనె సీసాతో తిరిగొచ్చేసరికి దాని మూతకున్న సీలు పంటితో చీల్చి ఉంది.

మొదటి చెంచా నాలుక మీద రాస్తే, చిన్నోడు మొహం చిట్లించి, అతికష్టంగా, మింగాడు. అందరూ వాడి గొంతునే చూస్తున్నారు.

అంబులెన్సు వచ్చింది. డ్రైవరు తల్లితో పాటు ఒక్కరే అన్నాడు. సుక్కమ్మ చీర కొంగు బిగించి ముందుకొచ్చింది.

“అత్తమ్మా, నువ్వు స్వర్ణను చూస్కో. మామ వస్తడు నాతోని.”

“ఎవలూ? గీ గుడ్డోడా?”

“ఆఁ. గాయినే.”

సుక్కమ్మ నోరు తెరిచి, కోడలి మొహం చూసి, మూసుకుంది. ముప్పై నలభై ఏళ్ల కాపురంలో మారయ్యకు దక్కని విజయం అది. ఆయన దాన్ని గమనించే స్థితిలో లేడు.

కొండమల్లేపల్లి దాటారు. మారయ్య సీసా పట్టుకున్నాడు, మల్లిక చెంచా పట్టుకుంది. కొంచెం పట్టడం, ఆగడం, చొంగ తుడవడం, మళ్లీ కొంచెం. నరేశ్ ఫోను చేశాడు. ఎప్పటిలాగే రెండే మాటలు: “వస్తున్న. పైలం.” కానీ ఆ రెండు మాటల మధ్య ఆయన ఊపిరి పీల్చుకోవడం మల్లికకు వినబడింది.

చింతపల్లి దగ్గర మారయ్య అడిగాడు. “నా గోలి గాదు గదా బిడ్డా?”

“గాదు మామా.”

మాల్ ఊరి దగ్గర బర్రెల మంద అడ్డమొచ్చింది. సైరను మోగుతూనే ఉంది, బర్రెలు తీరిగ్గానే నడిచాయి. వాటి నడకను చూస్తూ మల్లిక పెదవి కొరుక్కుంది. ఒక్కో క్షణానికీ లోపల ఎంత కాలుతోందో లెక్క వేయకూడదనుకుంది, వేస్తూనే ఉంది.

“డాక్టరమ్మ మంచిగ చూసిందా? నాది గాదు గదా?”

“ఫొటోల వడ్డది మామా. నీ గోలి గాదు.”

“గోలీలన్ని కాల్వల పడేసిన,” అన్నాడు.

“చూసిన. రేపు నేను తెస్త. అట్టలల్లనే ఉంచుదాం, పూటకోటి నేను తీసిస్త.”

యాచారం దాటాక చిన్నోడు చెంచాను నెట్టేశాడు. మళ్లీ పెడితే తేనె నోట్లోంచి బయటికొచ్చింది. ఇంక మింగలేడు. మల్లిక చెంచా కింద పెట్టి వాణ్ని నిటారుగా పట్టుకుంది. మారయ్య సీసా మూత గట్టిగా బిగించాడు. విప్పి, మళ్లీ బిగించాడు. ఆ మూతను పట్నం చేరేదాకా బిగిస్తూనే ఉన్నాడు. నాది గాదు గదా అని మాత్రం ఇంక అడగలేదు. ఎవరిదైతేనేం అన్నట్టు మనుమడి మెడ వైపే చూస్తూ కూర్చున్నాడు.

దవాఖాన గేటు దగ్గర దామోదర్ నిలబడి ఉన్నాడు. చేతిలో సామాన్ల సంచీ ఉంది. దాన్ని ఒంటికి తగలకుండా, పాము ఉన్న బుట్టను పట్టుకున్నట్టు దూరంగా పట్టుకున్నాడు. మల్లిక ఆగలేదు. స్ట్రెచరు లోపలికి పోయింది, తలుపు మూసుకుంది.

ఆ తలుపు ముందు ముగ్గురూ ఎంతసేపు నిలబడ్డారో గోడ గడియారం ఉంటే తెలిసేది. ఉంది గానీ ఆగిపోయి ఉంది. దామోదర్ ఒకసారి దానివైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

తలుపు తెరిచిన డాక్టరు చేతిలో చిన్న స్టీలు గిన్నె ఉంది. అందులో మసిబట్టిన బిళ్ల, నిజంగానే గోలీ అంత.

“వచ్చింది. లోపల కాలింది గానీ గొంతు చిల్లు పడలేదు. కొన్నాళ్లు గొట్టంతోనే పాలు. తర్వాత మెత్తటివి పెట్టాలె. మళ్లొకసారి చూసినంకనే పూర్తిగ చెప్పగలం.” గిన్నె వైపు చూశాడు. “ఇంకో రెండు మూడు గంటలు ఉంటే ఈ మాట చెప్పకపోతుంటి. సెల్లని ఎట్ల కనుక్కున్నరు? పిల్లగానికి మాటలు రావు గదా?”

“వాళ్లక్క చెప్పింది సార్,” అంది మల్లిక. “పొద్దున్నే చెప్పింది.”

మారయ్య కోడలి భుజం పట్టుకొని బెంచీ మీద కూర్చోబెట్టాడు. పట్టుకున్న చెయ్యంతా తేనె జిగట.

చిన్నోడు ఇంటికొచ్చాక కూడా మల్లిక చాలా రోజులు వాడు మింగే ప్రతి ముద్దనూ తానే మింగినట్టు చూసేది. దామోదర్ కిటికీలో గవ్వ కూడా పెట్టడు. పాత సెల్లులకు దుకాణంలో తాళం వేసిన డబ్బా పెట్టాడు. సంబంధం చూడటానికి వచ్చిన వాళ్ల ముందు కూడా, టీ కప్పులు తేకముందే, “మీ ఇంట్ల రిమోట్లున్నయా? సెల్లులు పైలం,” అన్నాడట. సుక్కమ్మ మొగుణ్ని క్షమాపణ అడగలేదు, అడగదు కూడా. పొద్దున్నే మల్లిక అట్టలోంచి తీసిన గోలీని కోడలి చేతిలోంచి లాక్కుని తానే తీసుకుపోయి, “మింగు, నోరు తెర్వు, చూడనీ,” అని నిలబడుతుంది. మారయ్య నోరు తెరిచి చూపిస్తాడు.

వానకాలం పోయాక ఒక పొద్దున స్వర్ణ నాలుక హఠాత్తుగా వెనక్కి నడిచింది. ‘క’ వచ్చింది. వచ్చిన సంబరంలో పిల్ల దాన్ని అవసరం ఉన్నచోటా లేనిచోటా వాడేయడం మొదలుపెట్టింది. కుక్క కుక్కే అయింది, కాకి కాకే అయింది. కానీ తమ్ముడు కమ్ముడయ్యాడు. తలుపు కలుపయింది. బయట నిలబడి “అవ్వా, కలుపు తియ్యి!” అని అరుస్తుంటే సుక్కమ్మ లోపల్నుంచి గొణిగింది.

“నాలుగేండ్లు లేవు, అప్పుడే నన్ను కలుపుకు తోలుతాంది.”

మల్లిక వ్యాకరణమంతా తిరగరాసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆమె మాట సరిగ్గా వినబడితే ఇంకా ఎక్కువ అనుమానపడుతుంది.

ఒక సాయంత్రం రొట్టెలు కాలుస్తుంటే వాకిట్లోంచి కేక వచ్చింది.

“కాకా! కమ్ముడు దొడ్లకు పోతుండు!”

“ఏ కాకనే?” అని మల్లిక వంటింట్లోంచి అరిచింది.

జవాబు అక్కర్లేకపోయింది. మంచం మీంచి మారయ్య, అరుగు మీంచి దామోదర్, ఇద్దరూ లేచి ఒకేసారి దొడ్డి వైపు ఉరుకుతున్నారు.

పెనం మీద రొట్టె మాడింది. మల్లిక కూడా వాళ్ల వెనకే పోయింది.